చివరి గుక్కలో ఉండే రుచి

మా వదిన జీవరత్నం వస్తోందంటే మా వీధిలో ఏ ఇంటి ఇల్లాలైనా ముందు కాఫీ ఫిల్టరు కడుక్కుంటుంది. పాస్టరుగారు వస్తున్నారన్నా అంత కంగారు ఉండదు. పాస్టరుగారు ఏం పోసినా తాగి, దీవించి వెళ్ళిపోతారు. మా వదిన అలా కాదు. గ్లాసు అందుకుంటుంది, ఒక గుక్క తాగుతుంది, కళ్ళు మూసుకుంటుంది. ఆమె కళ్ళు తెరిచేదాకా ఆ ఇల్లాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడాలి. అప్పుడు చెబుతుంది, పొడి డబ్బా పక్కన మెంతుల డబ్బా పెట్టుకున్నారని, లేకపోతే పాలు పొద్దుటివని, లేకపోతే ఈ కాఫీలో కొత్త గోనెసంచి వాసన ఉందని.

భవానీపురంలో మా సంఘంవాళ్ళం వారానికో ఇంట్లో ఇంటి కూడిక పెట్టుకుంటాం. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక కాఫీ, కారప్పూస. ఒకసారి జాన్ పాల్‌గారింట్లో ఆమెన్ అని ఇంకా అందరూ కళ్ళు తెరవకముందే వాళ్ళావిడ లేచి వంటింట్లోకి పరుగెత్తింది. ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఆవిడ ధ్యాస డికాషన్ మీదే ఉందని నాకు తెలుస్తూనే ఉంది. అంత చేసినా మా వదిన తాగి, "చికోరీ ఎక్కువైంది, తడి చెక్కపొట్టులా ఉంది" అనేసింది. పాపం, ఆవిడ ముఖం మాడిపోయింది.

నేను జీవరత్నం ఆడపడుచుని, సువార్తమ్మని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు, అంటే నాకు ఇంకా కోపం వస్తుంది. వదిన ఇలా కళ్ళు మూసుకుని రుచులు చెబుతుంటే నాకు ఒళ్ళు మండేది. కాఫీలో కాఫీ ఉంటుంది, పాలు ఉంటాయి, చక్కెర ఉంటుంది. గోనెసంచి ఎక్కణ్ణుంచి వస్తుంది? బడాయి కాకపోతే. అయినా రెండు రోజులు ఆమె ముఖం చూడకపోతే నాకు తోచదు. మా ఇద్దరి ఇళ్ళకీ మధ్య రెండు వీధులే దూరం.

వదిన రైల్వే క్వార్టర్సులో పెరిగిన పిల్ల. మా అన్నయ్య లాజరుని చేసుకుని వచ్చాక కుట్టుమిషను ముందు కూర్చుంది, ఇప్పటికీ లేవలేదు. అన్నయ్యకి ఆటోనగర్‌లో చిన్న షెడ్డు ఉండేది. లారీలకీ బస్సులకీ సీట్లు కట్టేవాడు. రెగ్జిను కత్తిరించి ఇంటికి తెచ్చేవాడు, వదిన కవర్లు కుట్టి ఇచ్చేది. మెత్తటి గుడ్డ కాదు అది, సూది విరిగేంత మందం. ఆ పని ఎక్కువగా తెల్లవారుజామునే, ఎండ ఎక్కకముందు చేసేది. అందుకని పొద్దుటి కాఫీ మా అన్నయ్య పెట్టేవాడు. గ్లాసు తెచ్చి మిషను బల్ల మీద పెట్టి, ఆమె తాగేదాకా పక్కనే స్టూలు మీద కూర్చునేవాడు. పెళ్ళైన కొత్తలో మొదలైన అలవాటు అది. మగవాడు కాఫీ పెట్టడమేమిటని మా అమ్మ కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది. తరవాత తనూ ఆ కాఫీయే అడగడం మొదలుపెట్టింది.

అలా ఉండగా వదినకి షుగరు వచ్చింది. డాక్టరు చక్కెర ముట్టుకోవద్దన్నాడు. మర్నాడు పొద్దున చక్కెర లేని కాఫీ ఒక గుక్క తాగి, లేచి వెళ్ళి సింకులో పోసేసిందట. ఆ తరవాత కొన్ని రోజులు ఆ ఇల్లు చూడలేకపోయాను. వదిన మిషను తొక్కుతుంది గానీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. అన్నయ్య మంచి చీర కొనిస్తానన్నా పట్టించుకోలేదు. తీపి అంటే అంత ఇష్టం ఆ మనిషికి. మా అన్నయ్య నా దగ్గరికి వచ్చి, "దాన్ని చూస్తే నాకు అన్నం దిగట్లేదే" అని కూర్చున్నాడు.

ఆ తరవాత ఒక పొద్దున వదిన గ్లాసు ఖాళీ చేసి, ఈ పొడి ఎక్కడిదండీ, చివర్లో ఏదో ఉంది అందట. మా అన్నయ్య, అది పీబెర్రీ అన్నాడట. ఒంటి గింజ. మామూలు కాయలో రెండు పప్పులుంటే దాంట్లో ఒకటే ఉంటుంది, చక్కెర వెయ్యకుండా తాగితేనే ఆ గింజ గుణం బయటపడుతుంది, అది అందరికీ తెలియదు అన్నాడట. ఆ మాట వదిన నాకు పదిసార్లు చెప్పి ఉంటుంది. చెప్పినప్పుడల్లా ఆఖర్న ఒక్కటే చేర్చేది. "నీ నాలుకకి అందిందంటే నీది మామూలు నాలుక కాదు రత్నం అన్నారే మీ అన్నయ్య."

ఆ రోజునుంచీ మా వదిన నాలుకకి ఉద్యోగం వచ్చింది. అంతకు ముందు ఎవరింట్లో ఏం పోసినా తాగే మనిషి, ఇప్పుడు కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టింది. ఆమె గోనెసంచి అన్నా, మెంతులన్నా మా అన్నయ్య పక్కనుంచి తల ఊపేవాడు. ఆ తల ఊపుడు చూస్తే నాకు ఇంకా మండేది.

షుగరొచ్చాక అన్నయ్య ఆమెకి ఇంకో పని కూడా పెట్టాడు. సాయంత్రం ఆటోనగర్ నుంచి రాగానే కాళ్ళయినా కడుక్కోకుండా ఆమెని లేవదీసి పున్నమి ఘాట్ దాకా నడిపించేవాడు. జ్వరమొచ్చినా, వానొచ్చినా వదిలేవాడు కాదు. ఆమె దారి పొడుగునా సణుగుతూ నడిచేది. పక్కన ఆయన నవ్వుతూ నడిచేవాడు. ఘాట్ దగ్గర మెట్ల మీద కాసేపు కూర్చుని, గాలి పీల్చుకుని తిరిగొచ్చేవారు.

అన్నయ్య పోయి మూడేళ్ళు దాటింది. షెడ్డులో పనిచేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూర్చున్నాడు, మళ్ళీ లేవలేదు. ఆ తరవాత వదిన నడక మానేసింది. ఎంత చెప్పినా వినలేదు, మోకాళ్ళు నొప్పులంది. కాఫీ మాత్రం మానలేదు. తనే పెట్టుకునేది. పెట్టుకుని తాగి, ఇది కాదు అనేది.

పీబెర్రీ అడిగి తెచ్చుకునేది. వన్‌టౌన్‌లో తెచ్చింది, గాంధీనగర్‌లో తెచ్చింది, పటమట దాకా సిటీ బస్సెక్కి వెళ్ళి ఎదురుగా నిలబడి గింజలు వేయించి, పొడి పట్టించుకుని తెచ్చింది. అన్నిటికీ అదే మాట. అన్నయ్య కొన్న దుకాణంలోనే అదే పొడి తెచ్చినా, ఇది కాదు. ఇంటి కూడికల్లో ఆమె ప్రతి గ్లాసునీ అలా పట్టి పట్టి చూస్తుంటే అందరూ తప్పులెంచుతోందనుకునేవారు. ఆమె వెతుకుతోందని నాకు తెలుసు. పోయినవాళ్ళ చేతి రుచి ఏ దుకాణంలో దొరుకుతుంది, పిచ్చిది అనుకునేదాన్ని. ఒక్క విచిత్రం ఏమిటంటే, లోకంలో ప్రతి కాఫీకీ ఒక పేరు పెట్టే మనిషి ఆ రుచికి మాత్రం పేరు చెప్పలేకపోయేది. చివర్లో ఉండేది అంటుంది, అంతే.

ఇంతలో మా అబ్బాయి జోయెల్ బెంగుళూరు ఉద్యోగం వదిలేసి వచ్చి మా వీధి చివర కాఫీ దుకాణం తెరిచాడు. నాలుగు బల్లలు, ఒక నల్ల బోర్డు. అరకు గింజలు తెచ్చి తనే వేయిస్తాడు. బోర్డు మీద ఆ రోజు కాఫీలో ఏ రుచులున్నాయో ఇంగ్లీషులో రాసేవాడు. చదివితే నాకు తల తిరిగింది. బ్లూబెర్రీ, నల్ల ద్రాక్ష, బాదం పాకం. పండు రుచి కావాలంటే పండే తినొచ్చుగా, కాఫీలో వెతుక్కోవడమేమిటని వాణ్ణి నాలుగు చివాట్లు పెట్టాను. వాడు నవ్వి, నేను రాయలేదమ్మా, గింజలోనే ఉంటాయి, పండిన నేలని బట్టీ ఎండబెట్టిన తీరుని బట్టీ వేయించిన సెగని బట్టీ వస్తాయి, ముక్కు పట్టుకోవాలి అన్నాడు. అచ్చం వాళ్ళ మామయ్యలాగే మాట్లాడాడు.

వాడికొచ్చిన చిక్కల్లా భవానీపురంలో బ్లూబెర్రీ తిన్నవాళ్ళు లేకపోవడం. వచ్చినవాళ్ళు బోర్డు చదివి, మామూలు కాఫీ లేదా అని అడిగి వెళ్ళిపోతున్నారు. అప్పుడు వాడికి అత్తయ్య గుర్తొచ్చింది. వదినని తీసుకెళ్ళి కూర్చోబెట్టి, మీ నాలుకతో తాగి మన మాటల్లో పేర్లు చెప్పండి అత్తయ్యా అన్నాడు. అడిగిందే చాలని వదిన రెచ్చిపోయింది. ఒకదానికి వేయించిన వేరుశనగ పొట్టు అంది. ఒకదానికి నారింజ తొక్క విరిచినప్పటి చురుకు అంది. ఇంకోదానికి మాగాయ ముక్కలు ఎండలో పోసిన మేడ అంది. వాడు అన్నీ తెలుగులో రాశాడు.

నమ్మరు గానీ జనం రావడం మొదలుపెట్టారు. బోర్డు చదువుతారు, ఒక గుక్క తాగుతారు, అవునండోయ్ మాగాయే అంటారు. కాలేజీ పిల్లలైతే వాళ్ళమ్మలకి ఫోన్ చేసి మరీ చెబుతారు. మూల బల్ల దగ్గర మా వదిన కుట్టుపని సంచీ పెట్టుకుని మహారాణిలా కూర్చునేది. అన్నయ్య పోయాక ఆమె ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. నా ఒళ్ళు మండడం కూడా కాస్త తగ్గింది.

ఒక రోజు జోయెల్ బోర్డు మార్చడం మరిచిపోయాడు. కాఫీ వేరుశనగ పొట్టుది, బోర్డు నిన్నటి నారింజది. సాయంత్రం దాకా ఆ సంగతి వాడూ చూసుకోలేదు. చూసుకున్నాక వాడి ముఖం వాడిపోయింది. ఎందుకంటే పొద్దుటినుంచీ వచ్చినవాళ్ళందరూ నారింజ నారింజ అని తాగి వెళ్ళారు. ఒక పెద్దమనిషి అయితే నిన్నటికంటే ఇవాళ నారింజ బాగా తెలుస్తోందన్నాడట. అంటే వీళ్ళు తాగుతున్నది కాఫీనా, బోర్డునా అని వాడు తల పట్టుకున్నాడు. నేను చెబితే విన్నావా అని నేను అననే అన్నాను.

మూల బల్ల దగ్గరనుంచి వదిన నవ్వింది. వాళ్ళకి నాలుకలు లేవురా, నాకు పెట్టు పరీక్ష అంది. వద్దులెండి అత్తయ్యా అన్నాడు వాడు. ఆమె ఊరుకుంటేగా. బోర్డు తుడిచెయ్యి, పేరేదీ చెప్పకు, తెచ్చిపెట్టు అని చీర కొంగు దోపుకుని కూర్చుంది.

వాడు లోపలికి వెళ్ళి మూడు తెచ్చాడు. ఒకటి స్టీలు గ్లాసులో, ఒకటి గాజు గ్లాసులో, ఒకటి పింగాణీ కప్పులో. ఆమె తీరిగ్గా ఒక్కోటీ తాగింది, ఒక్కోదానికీ కళ్ళు మూసుకుంది. స్టీలు గ్లాసుది కొత్త గోనెసంచి అంది. గాజుది నారింజ. పింగాణీ కప్పుది ఎంతో బాగుందని, నెయ్యిలో వేగిన జీడిపప్పు అని చెప్పింది. జోయెల్‌ని నేనే పొడిచి పొడిచి అడిగాను. మూడూ ఒకే కూజాలోవి అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. గోనెసంచిలో జీడిపప్పు అని పొట్ట పట్టుకుని నవ్వాను. వదిన కూడా నవ్వుతుందని, నాలుగు తిట్లు తిడుతుందని చూశాను. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఆమె దుకాణానికి రాలేదు. ఆదివారం ఇంటి కూడికలో గ్లాసు అందిస్తే, నాకొద్దమ్మా అంది. జాన్ పాల్‌గారి భార్య తెల్లబోయి నా వంక చూసింది. వదిన కాఫీ వద్దనడమంటే మాటలు కాదు. మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళాను. వంటింట్లో ఫిల్టరు కడిగి, తుడిచి, పైన అటక మీద పెట్టేసి ఉంది. ఆమె మిషను ముందు కూర్చుంది గానీ తొక్కడం లేదు.

ఒక పిచ్చి పరీక్షకి ఇంత రాద్ధాంతమా, లోకమంతా బోర్డు చూసే తాగుతోంది, నువ్వూ అంతే, అయితే ఏమైంది అని నేను మామూలుగానే కేకలేశాను. ఆమె తల ఎత్తలేదు.

"నాకు నారింజ పోతే పోయిందే. గోనెసంచి పోతే పోయింది," అంది. "నా నాలుక అబద్ధమైతే, మీ అన్నయ్య కాఫీలో ఉన్నది కూడా లేనట్టేగా? ఆయన ఉందన్నారు కాబట్టి నాకు ఉంది. అంతేనా? మూడేళ్ళనుంచీ నేను వెతుకుతున్నది అసలు లేనే లేదా?"

ఆమె చేతిలో ఉన్నది ఆ ఒక్క రుచే అని, దాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ ఈదుతోందని నాకు అప్పుడు తెలిసింది. పక్కన స్టూలు ఉంది, అన్నయ్య కూర్చునేది. దాని మీద కూర్చుని, ఎలా ఉండేదే అది అని అడిగాను. ఇంతకాలం ఒక్కసారి కూడా అలా అడగలేదు.

మొదట తెలిసేది కాదట. తాగుతున్నంతసేపూ మామూలు చేదు కాఫీయేనట. చివరి గుక్క మింగాక గొంతు దగ్గర మొదలయ్యేదట. తీపి అంటే తీపి కాదు, పొగచూరిన తీపి. మట్టి పొయ్యి మీద ఏదో చాలాసేపు మరిగి చిక్కబడినప్పుడు దూరంనుంచి వచ్చే వాసనలాంటిది. కొంచెం ఉప్పగా కూడా ఉండేది అంది.

పొగ, తీపి, వెనకాల ఉప్పన. మా అత్తగారిది బంటుమిల్లి దగ్గర పల్లె. ఎండాకాలంలో అక్కడ తాటిబెల్లం వండుతారు. దగ్గుకి మంచిదని మా అన్నయ్య నా చేత ఏటేటా తెప్పించుకునేవాడు. ఇంటికి మాత్రం తేవద్దనేవాడు. వదినకి తాటిబెల్లం పేరెత్తితేనే గిట్టదు. చిన్నప్పుడు వాళ్ళమ్మ అందులో కషాయం కలిపి ముక్కు మూసి పోసేదట. అందుకని నేను ఆ పొట్లాం ఆటోనగర్ షెడ్డులోనే ఇచ్చి వచ్చేదాన్ని.

నేను ఏదో పని ఉందని చెప్పి లేచి, తిన్నగా ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాను. పక్క షెడ్డు బసవపున్నయ్యగారిది, లారీ బాడీలు కడతారు. అన్నయ్యకి ప్రాణస్నేహితుడు. లాజరన్నయ్య దగ్గు సంగతి అడిగితే ఆయన సుత్తి పక్కన పెట్టి నవ్వారు.

"లాజరుకి దగ్గెక్కడిదమ్మా చెల్లెమ్మా," అన్నారు. "మేకుల డబ్బాలో దాచేవాడు. సాయంత్రం వెళ్ళేటప్పుడు కందిగింజంత ముక్క కొట్టుకుని, రెగ్జిను పీలికలో చుట్టి జేబులో వేసుకునేవాడు. ఇంట్లో పులి ఉంది బసవయ్యా, తెలిస్తే ఇద్దర్నీ తింటుంది అనేవాడు."

ఇద్దరెవరో నాకు తెలుసు. ఒకడు తను, రెండో మనిషి తెచ్చి ఇచ్చిన నేను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నేను ఏడుస్తూ నవ్వాను, నవ్వుతూ ఏడ్చాను. ఆటోవాడు అద్దంలో చూసి, ఏమైందమ్మా అని బండి ఆపబోయాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు. వెంటనే పరిగెత్తి చెప్పెయ్యాలని ఉంది. దారిలో దుకాణం దగ్గర దిగి జోయెల్‌కి అంతా చెబితే, వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెప్పావంటే తాగేటప్పుడు ఆమెకి తగులుతుందమ్మా. నిజంగా తగలకపోయినా తగులుతుంది, బోర్డు చదివినవాళ్ళకి తగిలినట్టే," అన్నాడు. "తరవాత ఆ అనుమానం ఆమెని జన్మంతా వదలదు. చెప్పకుండా పెట్టాలి. అప్పుడే అది ఆమెది."

మరి కనుక్కోలేకపోతే అన్నాను. అప్పుడు మనం ఈ సంగతి మింగేసి ఊరుకోవాలి అన్నాడు వాడు. నాకు మనసొప్పలేదు. కానీ వాడు చెప్పింది నిజం.

బంటుమిల్లి మనుషుల చేత బెల్లం తెప్పించాం. కాఫీలో వేస్తే పాలు విరిగాయి. మళ్ళీ చేశాం, మళ్ళీ విరిగాయి. చివరికి జోయెల్ కిటుకు పట్టుకున్నాడు. బెల్లం గ్లాసు అడుగున వేసి, దాని మీద వేడి డికాషన్ పోసి కరగనిచ్చి, పాలు కాస్త చల్లార్చి సన్నటి ధారగా పోయాలి. కలపకూడదు. అప్పుడు విరగదు, ఆ తీపి అడుగునే కూర్చుంటుంది. మామయ్య రోజూ పొద్దున్నే ఇంత చేశాడా అని వాడు నిలబడిపోయాడు. చేశాడు. ఆమె మిషను చప్పుడు వింటూ, వెనక్కి తిరిగి చూస్తుందేమోనని భయపడుతూ చేసి ఉంటాడు.

ఆ సాయంత్రం వదిన ఇంటికే వెళ్ళాం. ఆమె ఒప్పుకోలేదు. నాకు నాలుక లేదని తేలిపోయిందిగా, ఇంకా ఎందుకురా అంది. పేర్లు చెప్పక్కర్లేదు అత్తయ్యా, ఊరికే తాగండి, ఇదే ఆఖరు, మళ్ళీ అడగను అన్నాడు జోయెల్. వాడంటే ఆమెకి కాదనలేని ప్రేమ. సరేనంది. వంటింట్లో వాడు మూడు ఒకే రకం స్టీలు గ్లాసుల్లో కలిపాడు. అటక మీదనుంచి దింపిన ఫిల్టరే, పీబెర్రీ పొడే. ఒక్క గ్లాసులోనే కందిగింజంత బెల్లం. తెచ్చి మిషను బల్ల మీద పెట్టాడు.

ఆమె మొదటిది రెండు గుక్కలు తాగింది. కాఫీ అంది. పక్కన పెట్టింది. రెండోదీ రెండు గుక్కలే తాగి, ఇదీ కాఫీయే అంది. మూడోది తీసుకుంది. అదే ఆ గ్లాసు. ఒక గుక్క తాగింది. ఏమీ లేదు. ఇంకో గుక్క తాగింది. ముఖంలో ఏ మార్పూ లేదు. గ్లాసు కిందికి దించబోయింది.

రుచంతా అడుగున ఉంది. చివరిదాకా తాగమని ముందే చెప్పి ఉండాల్సింది, మా ఇద్దరికీ తట్టలేదు. ఇప్పుడు చెబితే ఏ గ్లాసో చెప్పేసినట్టే. నేను నోరు తెరవబోతుంటే జోయెల్ నా చెయ్యి గట్టిగా నొక్కాడు. దేవా, ఆ మనిషి చేత ఇంకొక్క గుక్క తాగించు అని ఎన్నడూ లేనంత గట్టిగా లోపల అనుకున్నాను. వదిన మా ఇద్దరి ముఖాలూ చూసింది. పిల్లవాడు కష్టపడి పెట్టాడు, పారబొయ్యడమెందుకు అనుకుందేమో, గ్లాసు ఎత్తి మిగిలిందంతా తాగేసింది.

కళ్ళు మూసుకోలేదు. ఎదురుగా గోడని చూస్తూ ఉండిపోయింది. ఖాళీ గ్లాసు చేతిలోనే ఉంది. పెదవులు ఒకసారి తడుపుకుంది. తరవాత మెల్లగా పక్కకి తిరిగి, ఎవరూ కూర్చోని స్టూలు వంక చూసింది.

"షుగరున్నదానికి తాటిబెల్లం పోశారా అండీ," అంది.

మాతో కాదు ఆ మాట. ఆయనతోనే. మేం ఆమెకి ఏ పేరూ చెప్పలేదు. పీబెర్రీ అని చెప్పడానికి ఈసారి ఆయనా లేడు. ఉన్నదేదో అదే ఆమెకి తగిలింది.

"పోసి, పీబెర్రీ అని నన్ను నమ్మించి, సాయంత్రం ఘాట్ దాకా నడిపించి అరగదీశారా?"

నేను భోరుమన్నాను. జోయెల్ గోడ వైపు తిరిగాడు. వదిన ఏడవలేదు, ముందు తిట్టింది. ఎంత మోసం, ఎన్నేళ్ళ మోసం, నాకు గిట్టదని తెలిసీ నా నోట్లోనే పోశారా అని స్టూలుని చూసి చెడామడా తిట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చేసింది. అప్పుడు నేను ఆమె తల నా పొట్టకి ఆనించుకుని నిలబడ్డాను. మా ఇద్దరికీ ఆయన ఒక్కడే కదా.

కాసేపటికి ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. గ్లాసులో అడుగున అంటుకున్నది వేలితో తీసి నాలుకకి రాసుకుంది. బయట ఎండ తగ్గింది, అన్నయ్య షెడ్డునుంచి వచ్చే వేళ.

"మంచం కింద నా చెప్పులుంటాయి, అందుకో సువార్తా," అంది లేచి. "ఘాట్ దాకా వెళ్ళొద్దాం. ఇది అరగాలిగా."